కరవు కడతేర్చిన వనము మరల మొలచు విధము

అమెరికా సంయుక్తరాష్ట్రముల నైరృతిభాగమున, కొలరాడో, యూటా, ఆరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రముల సరిహద్దులు కలియుచోటు నడుమగా నలుదిక్కులకు వ్యాపించిన ఉన్నత పీఠభూమి మీద, ఎడారి యనుటకు వీలులేనంత పచ్చదనమును, అరణ్య మనుటకు చాలనంత పలుచదనమును గల యొకవిధమైన వనము పెరుగుచున్నది. పిన్యన్ అను పొట్టి పైన్ వృక్షమును, పొలుసులవంటి సన్నని ఆకులు గల జునిపర్ వృక్షమును అందు ప్రధానములు. చెట్టునకును చెట్టునకును నడుమ ఎర్రని నేలయు, రాతిపలకలును, గడ్డిదుబ్బులును, బూడిదరంగు సేజ్ పొదలును కానవచ్చును. అచ్చట ఏడాదికి కురియు వానయు మంచును కలిసి 250 మొదలు 500 మిల్లీమీటర్లకు మించదు. కరవునకు పెట్టినది పేరైన మన అనంతపురమునందే సాలీనా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము పడుచుండగా, చలిదేశమగుటచే ఆవిరియై పోవునది కొంత తక్కువే యైనను, అంతకన్న కొద్దిపాటి నీటితో కొన్ని శతాబ్దములు జీవింపగల వృక్షములు అచ్చట నిలిచియుండుట సామాన్యమైన విషయము కాదు.

ఇంతటి యోర్పుగల వనమునందు 2002, 2003 సంవత్సరములలో పిన్యన్ వృక్షములు కోట్లసంఖ్యలో చచ్చెను. అణుబాంబు నిర్మాణముచే లోకమునకు తెలిసిన లాస్ అలమోస్ పట్టణమునకు చేరువను, మెసీతా దెల్ బువెయ్ అను మిట్టమీద నేలలోని తేమను అంతకు పూర్వమే చాల యేండ్లుగా కొలుచుచుండిన పరిశోధకులు కొందరుండిరి. వారి కొలతలలో పదిహేను నెలలపాటు నేలతేమ అడుగంటియుండెను. ఆ పిదప నా మిట్టమీది పిన్యన్ వృక్షములలో నూటికి తొంబదికి పైగా ఎండిపోయెను. డేవిడ్ బ్రెషియర్స్, క్రెయిగ్ అలెన్ మొదలగు శాస్త్రజ్ఞులు 2005లో ఈ వృత్తాంతమును ప్రకటించుచు, నాలుగు రాష్ట్రములలో సుమారు 12,000 చదరపు కిలోమీటర్ల మేర ఈ మరణము కానవచ్చెనని తెలిపిరి. 1950 ప్రాంతమున ఆ దేశమును పీడించిన మహాక్షామమునందు వాన ఇంతకన్న తక్కువగానే పడినను చెట్లు ఇంత విస్తారముగా చావలేదు. ఈ పర్యాయము వానలేమికి తోడుగా ఎండతీవ్రత హెచ్చెను. ఎండినది నేల మాత్రమే కాదు, గాలియు ఎండెను; దాహముగొన్న గాలి ఆకులనుండి నీటిని పీల్చుట యధికమయ్యెను.

ఇచ్చట నొక ప్రశ్న పుట్టును. ఒకే నేలలో, ఒకే ఎండలో, ప్రక్కప్రక్కనే పెరిగిన రెండు జాతులలో పిన్యన్ ఏల చచ్చెను, జునిపర్ ఏల బ్రతికెను? ఆకులమీది సూక్ష్మరంధ్రములను ఆ రెండు జాతులును నడపుకొను తీరులోనే ఇందులకు సమాధానము కలదు. నేల ఎండుచున్నదని తెలిసినంతనే పిన్యన్ తన పత్రరంధ్రములను మూసికొనును. అందుచే లోపలి నీరు కాపాడబడును గాని, ఆ రంధ్రములగుండనే రావలసిన బొగ్గుపులుసువాయువు రాకపోవుటచే ఆహారము తయారగుట ఆగిపోవును. కరవు కొలదినాళ్లదైనచో ఇది మేలైన ఉపాయమే. నెలల తరబడి సాగినచో చెట్టు నిలువచేసికొన్న పిండిపదార్థమును తిని తిని తుదకు బీదపడును. జునిపర్ అట్లుకాక, నేల ఎంత ఎండినను రంధ్రములను కొంత తెరచియే యుంచును. ఆ సాహసమునకు తగినట్లు దాని దారువులోని నీటిగొట్టములు తెగిపోక మిక్కుటమైన లాగుడును భరింపగలవు. ఆకలిచేతనే పిన్యన్ చచ్చునా, నీటిగొట్టములు గాలిబుడగలతో నిండి తెగిపోవుటచేతనా యను విషయమై శాస్త్రజ్ఞులలో చిరకాలము వాదములు సాగినవి. ఈ రెండును ఒకదాని నొకటి తొందరపెట్టుననుటయే నాకు సమంజసముగ తోచుచున్నది.

ఏది మొదటి కారణమైనను, తుదిపోటు పొడుచునది మూడు మొదలు అయిదు మిల్లీమీటర్ల పొడవుగల యొక గోధుమవర్ణపు పురుగు. అది బెరడును తొలిచి లోనికి చొచ్చును. ఆరోగ్యముగల చెట్టు ఆ గాయమువెంట జిగటరసమును వెలికి దొరలించి పురుగును ముంచివైచును. తిండిలేని చెట్టునకు ఆ రసము చేయు శక్తి యుండదు. మొదట జొచ్చిన మగపురుగు బెరడుక్రింద నొక గది తొలిచి, వాసనచేత ఆడపురుగులను, తోడి మగపురుగులను పిలుచును; ఆడపురుగులు ఆ గదినుండి చీలికలుగా సొరంగములు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. వాటి యొంటిని అంటివచ్చిన బూజు దారువును నీలవర్ణముచేసి నీటిదారులను కప్పివేయును. ఇట్లు చచ్చిన చెట్టుబెరడును చేతితో ఊడదీసి చూచినచో, ఎర్రని పొట్టు జలజల రాలును. లోపలి కొయ్యమీద, ఒక గదినుండి కొమ్మలుగా చీలి పైకిని క్రిందికిని సాగిన గాళ్లు స్పష్టముగ కానవచ్చును. ఆకులు మొదట వెలిసి, పిదప ఎర్రబారి, ఏడాది తిరుగునప్పటికి రాలిపోవును.

ఇంతవరకు మరణకథ. దీనిని చెప్పిన గ్రంథములు చాల కలవు. చచ్చిన చెట్టు దూరమునుండియు కనిపించును గదా. మరల మొలచు కథ నెమ్మదియైనది, నేలమీద మోకాళ్లూని వెదకినగాని కనిపించనిది. అయినను వనముయొక్క భవిష్యత్తు మరణసంఖ్యలో గాక ఈ రెండవ కథలోనే యున్నదని నా దృఢవిశ్వాసము.

కరవులో దెబ్బతిన్న యడవి యనగానే మన దేశమువారికి మొదట స్ఫురించునది మోడు చిగిర్చుట. రాయలసీమ కొండలలో రక్తచందనమును నరికినను మొదలునుండి చిగుళ్లు వేయును. నారేప మొలకెత్తినతోడనే తల్లివేరును లోతునకు దింపును. వేగిస మొక్క పైకాండము కొన్ని యేండ్లవరకు ప్రతి వేసవిని ఎండి చచ్చుచు, తొలకరిలో మరల లేచుచు, వేరు తగినంత బలసిన పిమ్మటనే నిటారుగా పెరుగును. ఈ వింతను ట్రూప్ అను అడవిశాఖాధికారి 1921లో వెలువరించిన భారతీయవృక్షముల గ్రంథమున ఇట్టి జాతులవిషయమై విపులముగ వర్ణించినాడు. మన పొడియడవులకు వేరే ధనాగారము. పిన్యన్ వృక్షమున కా భాగ్యము లేదు. తల చచ్చినచో వేరును చచ్చును. మోడునుండి చిగురు రాదు. ఇక విత్తనముల విషయమా, అవి నేలలో ఏడాదికి మించి జీవము నిలుపుకొనజాలవు. కాబట్టి చచ్చిన పిన్యన్ వనము క్రింద, వాన కొరకు వేచియున్న విత్తనరాశి యేదియు లేదు. దాని పొరుగుననే యుండు గాంబెల్ ఓక్ వేరునుండి గుంపులుగా లేచును. జునిపర్ విత్తనములు కొన్ని యేండ్లు నేలలో నిద్రింపగలవు. పిన్యన్ మాత్రము అప్పటికి జీవించియున్న సంతతితోడను, ఆ యేటి పంటతోడను మాత్రమే మరల లేవవలెను.

ఆ జీవించియున్న సంతతి యెచ్చట? దానిని వెదకిన పరిశోధకులకు సంతోషముగొల్పు విషయమొకటి కానవచ్చెను. ఉత్తర ఆరిజోనాలో చేసిన గణనలలో, కరవునకు చచ్చిన ఎదిగిన చెట్ల పాలు పిల్లచెట్ల పాలుకన్న రెండు మొదలు ఆరురెట్లు అధికముగ నుండెను. సన్నని కాండములను బెరడుపురుగు కోరదు. పెద్దదానికి వలె వానికి విస్తారమైన ఆకుల పోషణభారమును లేదు. వీనిలో పెక్కులు జునిపర్ చెట్టు నీడనో, సేజ్ పొద మాటుననో, చచ్చిన తల్లి కొమ్మల క్రిందనో యుండెను. ముప్పదియేండ్ల వయసుండియు మనుష్యుని నడుమునకు రాని మొక్కలు వానిలో కలవు. రేపటి వనము చాలవరకు ఇదియే. కరవు తరువాత వచ్చు తొలివాన దీనిని పుట్టించలేదు. కరవునకు పూర్వమే, వనము పచ్చగా నున్న దినములలోనే, ఇది పుట్టి వెలుతురుకొరకు కాచుకొనియుండెను.

నీడమాటున పెరుగుట యనునది ఈ వనము నర్థముచేసికొనుటకు తాళపుచెవి. ఎండకాలమున చెట్లనడుమ బట్టబయలు నేల మిక్కిలి వేడెక్కి, అప్పుడే పుట్టిన మొలకకాండమును మట్టి తాకినచోట మాడ్చివేయును. శీతకాలమున ఆ నేలయే గడ్డకట్టి ఉబ్బి లేతవేళ్లను పైకి పెరికివేయును. పొద నీడలో ఈ రెండు బాధలును తగ్గును. మంచు అచ్చట మెల్లగా కరగును. రాలిన యాకులపొర తేమను కాచును. ఈ విధముగ చిన్నదానిని కాపాడు పొదకు దాదిమొక్క యని శాస్త్రజ్ఞులు పేరిడిరి. జునిపర్ అంచున, ఎండిన యాకుల మెత్త నడుమ, అట్టి మొలకనొకదానిని చూచినవాడు మొదట పిన్యన్ అని గుర్తింపడు. పెద్దచెట్టున సూదులు రెండేసి జంటలుగా ముదురాకుపచ్చగా నుండగా, పిల్లమొక్కకు సూదులు ఒంటరిగా, నీలిబూడిద పూసినట్లు మెత్తగా నుండును. అంగుళము రెండంగుళముల కాండము చుట్టును అవి చక్రముగ విచ్చుకొనియుండును. ఆ పైభాగము అరచేతిలో నిముడునంతదైనను, దాని వేరు అంతకు మించి లోతునకు దిగియుండును. అయితే దాది ఎల్లకాలము దాదిగా నుండదు. మొక్క ఎదిగినపిమ్మట ఒకే నేలలోని నీటికొరకు రెండును పోటీపడవలసివచ్చును, పెక్కుచోట్ల తుదకు పొదయే యోడిపోవును.

ఇందువలననే పెద్దచెట్లన్నియు చచ్చినచోట విపత్తు రెండింతలగును. తల్లి పోవుటయే గాక నీడయు పోవును. ఎండిన కొమ్మలు కొన్ని యేండ్లు కొంత నీడ నిచ్చును గాని, సూదులు రాలిన మోడు ఆకులతో నున్న చెట్టునకు సాటి గాదు. నేలను తాకు ఎండ పెరిగి, తేమ పైకెగిరిపోవును. కంటికి కనబడని మరియొక నష్టము మట్టిలో జరుగును. పిన్యన్ వేళ్లకొనలను సన్నని బూజుపోగులు తొడుగువలె చుట్టుకొని, మట్టిలోని నీటిని లవణములను తెచ్చియిచ్చి, బదులుగా చక్కెరను పుచ్చుకొనును. చెట్టు చచ్చినచో ఆ బూజునకు తిండిలేదు. ప్రక్కనున్న జునిపర్ దానిని పోషింపలేదు, ఏలయన జునిపర్ వేళ్లు వేరొక జాతి బూజుతో పొత్తు పెట్టుకొనును. కాబట్టి పిన్యన్లు బొత్తిగా నశించినచోట, ఏడెనిమిది సంవత్సరముల పిమ్మట ఒక విత్తనము మొలచినను, దానికి చేయూతనిచ్చు బూజు ఆ మట్టిలో అరుదైయుండును. కరవు తరువాత మొలకలు బ్రతికియున్న పిన్యన్ల పొరుగుననే అధికముగ కానవచ్చుటకు విత్తనముల సామీప్యముతోపాటు ఇదియు నొక కారణము.

విత్తనముల సంగతి యిక చెప్పవలసియున్నది. పిన్యన్ కాయ పొటమరించినది మొదలు పండి విచ్చునప్పటికి సుమారు ఇరువదియారు నెలలు పట్టును. అన్ని యేండ్లును కాపు రాదు. మూడు మొదలు ఏడేండ్లకొకసారి, విశాలమైన ప్రాంతములలోని చెట్లన్నియు కూడబలుకుకొన్నట్లు ఒకేసారి విరగకాయును. నవహో, హోపి, జునీ మొదలగు ఆ దేశపు ఆదివాసులు ఆ యేడు కుటుంబములతో కొండలకు పోయి గింజలేరి, వేయించుకొని తిందురు. గింజకు రెక్కలేదు, గాలి దానిని మోయలేదు. మోయునది పక్షి.

ఆ పక్షులలో మిన్న పిన్యన్ జే. నీలవర్ణముగల ఈ పక్షి వందలసంఖ్యగల గుంపులుగా తిరుగును. ముక్కుతో గింజను పట్టి, పెంకురంగును చూచి, ముక్కునందే టకటక యాడించి, లోపల పప్పు కలదో పొల్లో నిర్ణయించును. పొల్లు గింజను విడిచివేయును. మంచిగింజలు పదులకొలది గొంతులో నింపుకొని కొన్ని కిలోమీటర్ల దూరముపోయి, నేలలో ఒక్కొక్కటిగా పూడ్చిపెట్టును. ఉత్తర ఆరిజోనా విశ్వవిద్యాలయమున రస్సెల్ బాల్డా అను పండితుడు ఇట్టి పక్షుల జ్ఞాపకశక్తిని పరీక్షించి, నెలలు గడచినను తాము పూడ్చినచోటును అవి మరువవని ఋజువుచేసెను. అయినను కాపు విరివిగా నున్న యేట తినగలిగిన దానికన్న మిక్కిలి యెక్కువ పూడ్చును. మిగిలిన గింజలలో, రాతిమాటునో పొదయంచుననో పడినవి మొలకెత్తును. మోడువారిన కొండకు దూరపు కొండనుండి విత్తనము వచ్చు మార్గము ఈ గొంతుక తప్ప వేరొకటి దాదాపు లేదు. చెట్లు తగ్గినచో పక్షులకు తిండి తగ్గును; పక్షులు తగ్గినచో చెట్లకు నాటువారు తగ్గుదురు. గత అర్ధశతాబ్దిలో ఈ పక్షిసంఖ్య ఘోరముగా క్షీణించి, నేడు అంతర్జాతీయ జాబితాలలో ఆపదపాలైన జీవులలో చేరియున్నది. చెట్ల లెక్కతోపాటు ఈ పక్షిలెక్కను చూడనివారు వనపునరుద్ధరణమును గూర్చి ఏమి చెప్పినను అది సగము మాటయే.

కాపు కూడ తగ్గుచున్నది. న్యూమెక్సికోలోను, ఓక్లహోమా వాయవ్యపు కొనలోను 1974 ప్రాంతమున కాయలు లెక్కించిన చోట్లనే 2012లో మరల లెక్కించినపుడు, పదేండ్ల కాపు సుమారు నూటికి నలువదివంతులు తగ్గియుండెను. వేసవి చివరివారములలో కొంత చల్లదనము తగిలినగాని చెట్టు కాయమొగ్గ తొడుగదు. ఆ వారములు అధికముగ వేడెక్కిన చోటులందే ఈ తగ్గుదల అధికముగ కానవచ్చెను. కరవు చెట్టును చంపుట అందరికి తెలిసిన భయము. కరవు లేని యేట కూడ బ్రతికియున్న చెట్టు గొడ్డుపోవుట అంతకంటె లోతైన భయమని నాకు తోచును.

అట్లని నిరాశ పడుటకు చరిత్ర సమ్మతింపదు. వృక్షవలయములను చదివిన థామస్ స్వెట్నమ్, హూలియో బెటన్‌కోర్ట్ అను పండితులు, పదునారవ శతాబ్దము చివరిపాదమున ఈ ప్రాంతమున దారుణమైన క్షామము దీర్ఘకాలము సాగెననియు, అంతకు పూర్వపు చెట్లు నేడు మిక్కిలి అరుదనియు చూపిరి. అనగా నేటి ముసలిచెట్లలో పెక్కులు ఆ క్షామము వెనుక లేచిన సంతతి. అది ఏటేట సమముగ లేచినది కాదు. మంచికాపు, దాని మరుసటియేట తగినవాన, ఆపైన మొలక వేరూనువరకు ఓర్చుకొన్న మూడు నాలుగు తడి యేండ్లు, ఇవి వరుసగా కూడినపుడు మాత్రము ఒక్కపెట్టున లేచును. మిగిలిన దశాబ్దములన్నియు దాదాపు గొడ్డువే. కాబట్టి 2003 తరువాత పదేండ్లకు మొలకలు కొద్దిగా మాత్రమే కనబడినవని, వనము ఇక లేవదని తీర్పుచెప్పుట తొందరపాటు. అయితే ఆ పూర్వపు తడి యేండ్లు నేటికన్న చల్లని యేండ్లని మరువరాదు. 2018 నాటి కరవులో, అంతవరకు అంతగా చావని జునిపర్ కూడ యూటా ఆగ్నేయభాగమున గుంపులుగా ఎండెను. దాదియే చచ్చుకాలము వచ్చినచో పూర్వపు లెక్కలు పనికిరావు.

మనుష్యుడు ఇందు చేయగలది కొంత కలదు, చేయకుండవలసినది అంతకన్న ఎక్కువ కలదు. 1950, 60 దశకములలో పశువుల మేతకొరకై ఓడలంగరుల గొలుసులను రెండు ట్రాక్టర్లనడుమ కట్టి యీడ్చి, ఈ వనములను లక్షలకొలది ఎకరములు నేలమట్టముచేసిరి. దాదిపొదలు, పిల్లమొక్కలు, నేలపైపొర అన్నియు ఒక్కవిడత పోయెను. చచ్చిన చెట్లను తీసివేయవలెనను ఉత్సాహముతో నేడును అట్టి యంత్రములను దింపుట, మిగిలిన యొక్క ధనమును చేజేత పారవేయుటయే యగును. దీనికి భిన్నముగ, న్యూమెక్సికోలోని బాండెలియర్ రక్షితప్రదేశమున, కోసిన కొమ్మలను అచ్చటనే వట్టినేలమీద పరచిచూచిరి. వాననీరు ఉరుకుట తగ్గి, మట్టి నిలిచి, గడ్డి మరల పెరిగెను. కంపపరచుట యను ఇంత సామాన్యమైన పని, కోట్లు వెచ్చించి మొక్కలు నాటుటకన్న ఫలప్రదమగుచోట్లు కలవు.

నాటవలసివచ్చినచో విత్తనమెచ్చటిది యను ప్రశ్న మిగులును. సన్‌సెట్ క్రేటర్ అను చల్లారిన అగ్నిపర్వతముచుట్టును బూడిదనేలలో పెరుగు పిన్యన్లను చిరకాలము పరిశీలించిన థామస్ విథమ్, కాథరీన్ గేరింగ్ మొదలగువారు అచ్చట రెండు తెగలను గుర్తించిరి. కొన్నిచెట్ల చిగుళ్లను ఒక చిమ్మటపురుగు ఏటేట కొరికి పొదవలె మరుగుజ్జులను చేయును. కొన్నిటిని అది ముట్టదు, అవి నిటారుగా అందముగా పెరిగి కాయలు విరివిగా కాయును. చూచినవాడు విత్తనమునకు రెండవదానినే ఎన్నుకొనును. కాని కరవు వచ్చినపుడు ఆ నిటారుచెట్లు మరుగుజ్జుచెట్లకన్న సుమారు మూడురెట్లధికముగ చచ్చెను. మరుగుజ్జుచెట్ల వేళ్లను చుట్టుకొనిన బూజు వేరుజాతిది. వాని పిల్లలు ఆ బూజుతోడి పొత్తులో పెరిగినపుడు కరవును మేలుగా భరించెను, బూజు తీసివేసినపుడు ఆ మేలు కానరాలేదు. ఇంకొక చిక్కేమన, చిగుళ్లు కొరకబడుటచే ఈ చెట్లు కాయలు తక్కువ కాయును. బ్రతికినది కాపులో పేద, కాపులో ధనికయైనది చచ్చినది. కాబట్టి ఈ కొండలలో విత్తనములేరువారు చూపునకు సొంపైన చెట్టును విడిచి, 2002ను దాటి నిలిచిన పొట్టిచెట్టు కడకు పోవలెను. గింజలు కొద్దియైనను ఓపికతో ఏరి, దాని మొదట నున్న మట్టిని పిడికెడు కలిపి తెచ్చి, బట్టబయట గాక జునిపర్ అంచున పాతవలెను.